ఎక్స్-రే బొమ్మలో ఏ బిందువు ఏ క్షణానిది?

వేడి ప్లాస్మాల, అంటే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువుల, ఎక్స్-రే బొమ్మలను చదవడం నేర్చుకుంటున్న రోజుల్లో నేను వాటిని ఫోటోలుగా చూసేవాడిని. నల్లని నేపథ్యం మీద నాలుగు పట్టీలు, ఒక్కో పట్టీలో నాలుగైదు చిన్న వెలుగు మచ్చలు, ఒక్కో మచ్చ వెడల్పు మిల్లీమీటరు మాత్రమే. ఒక చివర నుంచి చూసుకుంటూ పోతే మచ్చ మొదట మసకగా కనిపిస్తుంది, తరువాత ప్రకాశం పుంజుకుంటుంది, కుంచించుకుపోతుంది, చివరికి ఆరిపోతుంది. సినిమా రీలును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసినట్టు వరుసగా చదివేయవచ్చని అనిపిస్తుంది. అలా చదివితే లేని కదలికలు ఉన్నట్టు, ఉన్న మార్పులు లేనట్టు తేలుతుందని అర్థం కావడానికి నాకు చాలా కాలమే పట్టింది. ఆ బొమ్మలో ప్రతి బిందువుకూ తనదైన క్షణం ఒకటి ఉంటుంది. దాన్ని తెలుసుకోకుండా బొమ్మ గురించి ఏమీ చెప్పకూడదన్నది నేను ఇన్నాళ్ల పనిలో గట్టిగా నమ్మిన విషయం.

ముందు ఆ మచ్చ ఏమిటో చెప్పాలి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలకు చెందిన నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 192 లేజర్ పుంజాలు ఒక చిన్న లోహపు గొట్టం లోపలి గోడలను తాకుతాయి. ఆ గోడలు వేడెక్కి వెదజల్లే ఎక్స్ కిరణాలు, గొట్టం మధ్యలో ఉన్న సుమారు రెండు మిల్లీమీటర్ల వ్యాసం గల గుళిక పైపొరను ఆవిరి చేస్తాయి. ఆ ఆవిరి బయటికి చిమ్ముకుపోతుంటే, దాని ఎదురుతాకిడికి మిగిలిన పెంకు సెకనుకు 350 నుంచి 400 కిలోమీటర్ల వేగంతో లోపలికి కూలుతుంది. లోపల ఉన్న ద్యుటీరియం, ట్రిటియం అనే హైడ్రోజన్ రకాలు నలిగి, కొన్ని పదుల మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వ్యాసార్ధం గల వేడి కేంద్రంగా మారి, అయిదారు కోట్ల డిగ్రీలకు, ప్రయోగం బాగా కుదిరితే ఇంకా పైకి చేరి, సుమారు వంద పికోసెకన్ల పాటు వెలిగి చెదిరిపోతాయి. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. 2022 డిసెంబరు 5న ఆ ప్రయోగశాలలో 2.05 మెగాజౌళ్ల లేజర్ శక్తిని గొట్టంలోకి పంపితే కేంద్రక సంలీనం (తేలిక కేంద్రకాలు ఒకటిగా కలవడం) నుంచి 3.15 మెగాజౌళ్లు వచ్చాయన్న వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ శక్తి అంతా పుట్టిన చోటు తల వెంట్రుక మందంతో పోల్చదగినంత చిన్నది.

ఇంత చిన్న వస్తువును ఇంత తక్కువ వ్యవధిలో చూడాలంటే ఎంత వేగంగా కన్ను మూసి తెరవాలో ఒక చిన్న లెక్క చెబుతుంది. సెకనుకు 400 కిలోమీటర్లంటే పికోసెకనుకు 0.4 మైక్రాను. కెమెరా వంద పికోసెకన్ల పాటు తెరుచుకుని ఉంటే ఆలోపు పెంకు 40 మైక్రాన్లు కదిలిపోతుంది, అంటే దాదాపు మనం చూడదలచుకున్న వేడి కేంద్రపు వ్యాసార్ధమంత. పది పికోసెకన్లే తెరిస్తే ఆ చెరుపు నాలుగు మైక్రాన్లకు తగ్గుతుంది. నిజానికి గరిష్ఠంగా నలిగిన క్షణం దగ్గర పెంకు వేగం తగ్గిపోయి దాదాపు ఆగి వెనక్కి మళ్లుతుంది కాబట్టి అక్కడ చెరుపు ఇంత ఉండదు. అయినా ఆ మలుపు ఎప్పుడు వచ్చిందో, ఒక వైపు ముందు, ఇంకో వైపు తరువాత వచ్చిందో తెలుసుకోవడమే మా అసలు ప్రశ్న కనుక, వేగవంతమైన కన్ను లేకుండా పని సాగదు.

మామూలు వెలుతురు ఇక్కడ పనికిరాదు. ప్లాస్మాలో ఎలక్ట్రాన్ల సాంద్రత ఒక హద్దు దాటితే కాంతి దానిలోకి చొరబడలేక వెనక్కి తిరిగిపోతుంది. 0.35 మైక్రాన్ల తరంగదైర్ఘ్యానికి ఆ హద్దు ఘన సెంటీమీటరుకు సుమారు 9 పక్కన 21 సున్నాలంత సంఖ్యలో ఉంటుంది, నలిగిన గుళిక సాంద్రత దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా కోటి డిగ్రీల వస్తువు తన శక్తిని ప్రధానంగా వెదజల్లేది ఎక్స్ కిరణాల రూపంలోనే. ఈ కిరణాల శక్తిని కిలో ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తాం; ఉష్ణోగ్రతగా చెబితే ఒక కిలో ఎలక్ట్రాన్ వోల్టు అంటే సుమారు 1.16 కోట్ల డిగ్రీలు, కాబట్టి అయిదారు కోట్ల డిగ్రీల వేడి కేంద్రం నుంచి పెంకును చీల్చుకుని బయటపడేవి ఆరేడు కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, అంతకు పైన ఉన్న కిరణాలు.

ఆ కిరణాలను మామూలు కటకాలు వంచలేవు. వాటిని చాలా ఏటవాలుగా అద్దాల మీద జారవిడిచి కేంద్రీకరించే పద్ధతి 1948లో కిర్క్‌పాట్రిక్, బేజ్ అనే భౌతికవేత్తలు చూపించిన నాటి నుంచి ఉంది, ఇప్పటికీ మెరుగైన స్పష్టత కావలసిన చోట వాడతారు. అయినా ఎక్కువగా పని చేసేది లోహపు రేకులో పొడిచిన సూదిబెజ్జమే. పది మైక్రాన్ల వ్యాసం గల బెజ్జాన్ని మూలానికి పది సెంటీమీటర్ల దూరంలో పెట్టామనుకుంటే, మూలం నుంచి అన్ని దిక్కులకూ వెళ్లే 160 కోట్ల ఫోటాన్లలో ఒకటి మాత్రమే దాని గుండా పోతుంది. బెజ్జాన్ని పెద్దది చేస్తే వెలుతురు పెరుగుతుంది కానీ బొమ్మ అలుక్కుపోతుంది. చిన్నది చేస్తే కొంతవరకు పదును పెరిగి, ఆ తరువాత వివర్తనం (సన్నని బెజ్జం దాటిన కిరణాలు పక్కలకు విస్తరించడం) వల్ల మళ్లీ అలుక్కుపోతుంది. ఎనిమిది కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాలకు పైన చెప్పిన కొలతల్లో వివర్తనపు చెరుపు ఒకటిన్నర మైక్రాన్లే, కానీ ఒక కిలో ఎలక్ట్రాన్ వోల్టు కిరణాలకు అది 12 మైక్రాన్లు దాటి బెజ్జం వ్యాసాన్నే మించిపోతుంది. ఏ శక్తి దగ్గర చూస్తున్నామో చెప్పకుండా స్పష్టత గురించి మాట్లాడటానికి వీల్లేదని ఈ లెక్కతోనే మొదటిసారి నాకు బోధపడింది.

ఇక సమయం. ఒక రేకులో పక్కపక్కనే పొడిచిన అనేక బెజ్జాలు ఒకే మూలం తాలూకు అనేక బొమ్మలను ఒక పలక మీద పరుస్తాయి. ఆ పలక మైక్రోఛానెల్ ప్లేట్, అంటే అర మిల్లీమీటరు మందం గల గాజు బిళ్ల. దానిలో పది మైక్రాన్ల పరిమాణపు సన్నని గొట్టాలు లక్షల సంఖ్యలో ఉంటాయి. బిళ్ల ముఖం మీద బంగారు పూత పట్టీలుగా ఉంటుంది. ఎక్స్ కిరణం ఆ పూతను తాకి ఎలక్ట్రాన్లను వెలికితీస్తుంది, అవి గొట్టంలోకి దిగి, గోడలకు కొట్టుకుంటూ, ప్రతి దెబ్బకూ మరికొన్ని ఎలక్ట్రాన్లను రాల్చుకుంటూ, అవతలి వైపు ఒక గుంపుగా బయటపడి, ఎలక్ట్రాన్లు తాకితే వెలిగే ఫాస్ఫర్ తెర మీద వెలుగు చుక్కను వేస్తాయి. ఇదంతా జరగాలంటే బిళ్లకు రెండు వైపుల మధ్య వోల్టేజీ ఉండాలి. వోల్టేజీ లేనంతసేపు పలక గుడ్డిది. ఒక పట్టీ మొదట్లో అతి పొట్టి వోల్టేజీ పల్సును ఎక్కిస్తే, అది పట్టీ పొడవునా పరుగెత్తుతూ ఏ చోటు మీదుగా పోతుంటే ఆ చోటుకు మాత్రమే చూపునిస్తూ, మరుక్షణమే దాన్ని ఆర్పేస్తూ సాగిపోతుంది. ఫ్రేమింగ్ కెమెరా అంటే ఇదే. ఇందులో కదిలే తలుపంటూ ఏదీ లేదు.

గొట్టంలో ఎలక్ట్రాన్ల వృద్ధి వోల్టేజీకి చాలా పెద్ద ఘాతంతో పెరుగుతుంది. అది పదో ఘాతం అనుకుంటే, వోల్టేజీ అయిదు శాతం తగ్గితే వృద్ధి నలభై శాతం పడిపోతుంది. దీనివల్ల ఒక మేలు, ఒక కీడు ఉన్నాయి. పల్సు శిఖరం దగ్గర మాత్రమే పలక నిజంగా చూస్తుంది కాబట్టి, చూపు వ్యవధి పల్సు వ్యవధి కంటే తక్కువై కొన్ని పదుల పికోసెకన్లకు దిగుతుంది, అది మేలు. పల్సు పట్టీ వెంట పోతూ నిరోధం వల్ల కొంచెం బలహీనపడితే చాలు, పట్టీ చివరి బొమ్మలు మొదటి బొమ్మల కంటే మసకబారతాయి, అది కీడు. వేడి కేంద్రం ఆరిపోతోందని నేను రాసిపెట్టుకున్న ఒక వరుసలో సగానికి పైగా ఆరిపోవడం పల్సు నీరసమే. వెలుగు నిలకడగా ఉండే మూలంతో పట్టీ మొత్తాన్ని ముందే కొలిచి, ఆ కొలతతో ప్రతి బొమ్మనూ భాగించిన తరువాతే ప్రకాశాలను పోల్చాలి.

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వస్తాను. పల్సు పట్టీ మీద కాంతి వేగంలో సుమారు సగంతో పోతుంది, అంటే ఒక మిల్లీమీటరు దాటడానికి ఆరేడు పికోసెకన్లు, నాలుగు సెంటీమీటర్ల పట్టీకి 270 పికోసెకన్ల దాకా పడుతుంది. పట్టీలో ఒక చివరి బొమ్మ ముందటిది, మరో చివరిది తరువాతది అన్న సంగతి అందరికీ తెలిసిందే. ఒకే బొమ్మలో కూడా ఒక అంచు ముందటిదనీ మరో అంచు తరువాతదనీ మాత్రం సులభంగా మరచిపోతాం. గుళిక ఇంకా కూలుతూ 300 మైక్రాన్ల వ్యాసార్ధంలో ఉండగా, దాని వెనుక మరో లోహపు రేకును లేజర్‌తో వెలిగించి, ఆ వెలుతురులో పెంకు నీడను పది రెట్లు పెద్దది చేసి తీశామనుకుందాం. బొమ్మ వెడల్పు ఆరు మిల్లీమీటర్లు. పల్సు ఆ వెడల్పును దాటేసరికి 40 పికోసెకన్లు అవుతుంది. పెంకు పికోసెకనుకు 0.3 మైక్రాను చొప్పున కూలుతుంటే, మొదట చూసిన అంచు కేంద్రానికి 300 మైక్రాన్ల దూరంలోనూ, చివర చూసిన అంచు 288 మైక్రాన్ల దూరంలోనూ కనిపిస్తాయి. రెండు అంచుల మధ్య బిందువును కేంద్రంగా తీసుకుంటే, గుళిక మొత్తం మొదటి అంచు వైపుకు ఆరు మైక్రాన్లు జరిగినట్టు తేలుతుంది. అది చూసి లేజర్ పుంజాలు ఒక వైపు బలంగా తాకాయని ఎవరైనా నిర్ణయిస్తే, లేని లోపాన్ని సరిదిద్దడానికి ప్రయోగాన్నే మార్చినట్టవుతుంది. దీనికి చేసే ఒక మందు నాకెంతో ఇష్టం: పక్క పట్టీలో పల్సును ఎదురు దిశలో పంపితే, తప్పుడు జరుగుడు దిశ మార్చుకుంటుంది, నిజమైన జరుగుడు మాత్రం అలాగే ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది పల్సు పని, ఏది ప్లాస్మా పని అన్నది తేటపడుతుంది.

పట్టీల మధ్య సమయాన్ని తీగలే నిర్ణయిస్తాయి. మామూలు కోయాక్సియల్ తీగలో సంకేతం నానోసెకనుకు సుమారు 20 సెంటీమీటర్లు పోతుంది, అంటే తీగ ఒక్క సెంటీమీటరు పొడవు పెరిగితే 50 పికోసెకన్ల ఆలస్యం. నేను పని చేసిన ఒక ప్రయోగశాలలో పాత తీగ కనెక్టరు వదులైందని, ముందు రోజు సాయంత్రం ఎవరో దాన్ని తీసి అచ్చం అలాంటిదే మరొకటి బిగించారు. రెండూ ఒకే రంగు, ఒకే రకం. చూపుకు పొడవు కూడా ఒకటే. మర్నాడు లేజర్ పేలింది, మూలం వెలిగింది, పక్కనున్న డయోడ్లు, అంటే ఎక్స్ కిరణాలను విద్యుత్ సంకేతంగా మార్చే పరికరాలు, అన్నీ సంకేతాన్ని పట్టాయి, మా కెమెరాలో మాత్రం నాలుగు పట్టీలూ నల్లగా ఉన్నాయి. పాత తీగనూ కొత్త తీగనూ నేల మీద పక్కపక్కన పరిచి చూస్తే కొత్తది జానెడు కంటే కాస్త తక్కువ పొడవు ఎక్కువ ఉంది. ఆ తేడా ముప్పావు నానోసెకనుకు సమానం, అప్పటికి ప్లాస్మా చల్లారి చెదిరిపోయింది. ఎన్నో వారాల తయారీ ఆ ఒక్క తీగతో పోయింది. అప్పటి నుంచి ప్రతి తీగకూ కొలిచిన ఆలస్యాన్ని పికోసెకన్లలో రాసిన చీటీ కట్టనిదే నేను దాన్ని వాడను. తీగ పొడవును సెంటీమీటర్లలో చెప్పే అలవాటు కూడా మానుకున్నాను.

స్ట్రీక్ కెమెరా దారి వేరు. అది బొమ్మలో ఒక సన్నని చీలికను మాత్రమే తీసుకుని, దాని నుంచి పుట్టిన ఎలక్ట్రాన్లను రెండు పలకల మధ్య మారుతున్న వోల్టేజీతో తెర మీద పక్కకు ఊడుస్తుంది. దానివల్ల ఒక దిశలో స్థలం, మరో దిశలో కాలం విరామం లేకుండా నమోదవుతాయి. కొన్ని పికోసెకన్ల తేడాలను కూడా పట్టుకుంటుంది, కానీ రెండో స్థల దిశను వదులుకోవాలి. ఎప్పుడు వెలిగింది, ఎంతసేపు వెలిగింది అన్న ప్రశ్నలకు అది ఉత్తమం, ఆకారం గురించి అడిగితే మాత్రం జవాబివ్వజాలదు.

ఫ్రేమింగ్ కెమెరా వేగానికి హద్దు గాజు బిళ్లలోనే ఉంది. ఎలక్ట్రాన్ల గుంపు గొట్టాన్ని దాటడానికే కొంత వ్యవధి కావాలి, అందుకు సరిపడా పల్సు నిలవకపోతే వృద్ధి పూర్తి కాదు. ఈ హద్దును దాటడానికి కనిపెట్టిన ఉపాయం, నా దృష్టిలో, ఈ రంగంలోనే అత్యంత అందమైన ఆలోచన. చూపు వ్యవధిని తగ్గించడానికి బదులు సంకేతాన్నే సాగదీస్తారు. ఎక్స్ కిరణాలు పూత నుంచి ఎలక్ట్రాన్లను వెలికితీసేటప్పుడు, వాటిని లాగే వోల్టేజీ క్షణక్షణానికీ తగ్గుతూ పోతుంది, కాబట్టి ముందు పుట్టినవి వేగంగా, తరువాత పుట్టినవి కొంచెం నెమ్మదిగా బయలుదేరుతాయి. ఆ తరువాత అవి ఖాళీ గొట్టంలో, పక్కకు చెదరకుండా అయస్కాంత క్షేత్రం పట్టి ఉంచగా, చాలా దూరం ప్రయాణిస్తాయి. గమ్యం చేరేసరికి ముందువాటికీ వెనుకవాటికీ మధ్య ఎడం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పది పికోసెకన్ల సంఘటన వందల పికోసెకన్లుగా విచ్చుకుంటే, మామూలు పలకకు దాన్ని కోయడం కష్టం కాదు. నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో డిక్సీ అని పిలిచే కెమెరా ఈ సూత్రం మీదనే పది పికోసెకన్ల కంటే తక్కువ వ్యవధిని చూడగలిగింది. అదే సాగదీత గొట్టం చివర గాజు బిళ్లకు బదులు, సాండియా జాతీయ ప్రయోగశాలలు తయారు చేసిన, ఒకటి రెండు నానోసెకన్లలో ఒకదాని తరువాత ఒకటిగా బొమ్మలు పట్టే సిలికాన్ పలకలను బిగించి, ఒకే చూపురేఖ నుంచి వరుస బొమ్మలు తీసే కెమెరాలు కూడా వచ్చాయి. వేర్వేరు బెజ్జాలు వేర్వేరు కోణాల నుంచి చూడటం వల్ల వచ్చే తేడా ఆ కెమెరాలలో ఉండదు.

ఈ శ్రమ అంతా ఎందుకని అడిగేవారికి నేను ఒక పొర కథ చెబుతాను. గుళికను గొట్టం మధ్యలో నిలబెట్టడానికి పైనా కిందా అతి పలుచని ప్లాస్టిక్ పొరలు పట్టి ఉంచేవి. వాటి మందం మైక్రానులో ఇరవయ్యో వంతు స్థాయిది. అంత పలుచని పొర కోట్ల డిగ్రీల వ్యవహారంలో ఏం చేయగలదని మొదట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కూలుతున్న పెంకు నీడను ఎక్స్ కిరణాలలో క్షణాల వారీగా తీసి చూస్తే, పొర గుళికను విడిచిపెట్టే చోట పెంకు మీద చుట్టూ ఒక గాయపు గీత కనిపించింది, పెంకు కూలే కొద్దీ ఆ గీత లోతు పెరుగుతూ పోయింది. గుళికలోకి ఇంధనాన్ని నింపే, వెంట్రుక కంటే సన్నని గొట్టం కూడా అలాగే తన జాడను వేడి కేంద్రం దాకా మోసుకుపోయింది. కాలంతో విప్పి చూడగల బొమ్మలు లేకపోతే, ఫలితం తగ్గిందన్న అంకె మాత్రమే చేతిలో ఉండేది, తగ్గించినది ఎవరో తెలిసేది కాదు.

ఇంతకంటే నెమ్మదైన ప్లాస్మాలలో కూడా ఇదే జరిగింది. టోకమాక్ యంత్రాల్లో వేడి ప్లాస్మా అయస్కాంత క్షేత్రాల మధ్య నిలిచి ఉంటుంది, మార్పులు మిల్లీసెకన్లలో, మైక్రోసెకన్లలో జరుగుతాయి. 1974లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో వాన్ గోలర్, స్టోడీక్, సాథాఫ్ అనే శాస్త్రవేత్తలు మృదు (తక్కువ శక్తి గల) ఎక్స్ కిరణాల సంకేతంలో రంపపు పళ్లలాంటి ఎగుడుదిగుడులను గమనించారు. ప్లాస్మా నడిబొడ్డు నెమ్మదిగా వేడెక్కి, ఒక్కసారిగా కుప్పకూలి, మళ్లీ వేడెక్కుతోంది. మరుసటి ఏడాది సోవియట్ భౌతికవేత్త కదోమ్‌సెవ్ దానికి ఒక సిద్ధాంతం ఇచ్చాడు, అది చాలా కాలం పాఠ్యాంశంగా నిలిచింది. తరువాత ఇంగ్లండులోని జెట్ అనే పెద్ద టోకమాక్‌లో, పలుచని బెరీలియం రేకుల వెనుక పెట్టిన డయోడ్ల వరుసలతో అనేక దిక్కుల నుంచి చూసి, ఆ సంకేతాల నుంచి ప్లాస్మా అడ్డుకోత బొమ్మను తిరిగి కట్టినప్పుడు, ఆ కుప్పకూలడం సుమారు వంద మైక్రోసెకన్లలోనే ముగుస్తోందని, సిద్ధాంతం చెప్పిన దానికంటే ఎంతో వేగంగా సాగుతోందని బయటపడింది.

ఉష్ణోగ్రతను బొమ్మల నుంచి రాబట్టేటప్పుడు క్షణాల సరిపోలిక మరీ ముఖ్యం. ఒకే మూలాన్ని రెండు వేర్వేరు రేకుల గుండా తీస్తే, పలుచని రేకు తక్కువ శక్తి కిరణాలను కూడా పోనిస్తుంది, మందపు రేకు ఎక్కువ శక్తి ఉన్నవాటినే పోనిస్తుంది. ప్లాస్మా ఎంత వేడిగా ఉంటే రెండో బొమ్మ మొదటిదానితో పోలిస్తే అంత ప్రకాశంగా వస్తుంది, ఆ నిష్పత్తి నుంచి ఉష్ణోగ్రత పటాన్ని గీయవచ్చు. కానీ ఆ రెండు బొమ్మలు పట్టీ మీద అయిదు మిల్లీమీటర్ల ఎడంలో ఉంటే వాటి మధ్య 30 పికోసెకన్లకు పైగా తేడా ఉంటుంది, ఆలోపు వేడి కేంద్రం ప్రకాశమే ఎంతో మారిపోయి ఉంటుంది. ఆ తేడాను లెక్కలోకి తీసుకోకుండా గీసిన పటంలో రంగులు ఎంత ముచ్చటగా ఉన్నా, నేను వాటిని ఉష్ణోగ్రత అని పిలవను.

సంలీనం బాగా జరిగే కొద్దీ కెమెరా బతకడమే కష్టమైంది. ద్యుటీరియం, ట్రిటియం కలిసినప్పుడు పుట్టే 14.1 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్లు ఫిల్మునూ సిలికాన్ పలకనూ చుక్కల మయం చేస్తాయి. వాటి కంటే ఎక్స్ కిరణాలు వేగంగా రావడమొక్కటే మా అదృష్టం. మీటరు దూరాన్ని ఎక్స్ కిరణం 3.3 నానోసెకన్లలో దాటితే న్యూట్రానుకు 19 నానోసెకన్లకు పైగా పడుతుంది. ఆ మధ్య దొరికిన సుమారు 16 నానోసెకన్లలో ఎలక్ట్రాన్లు పుట్టి, వృద్ధి చెంది, ఫాస్ఫర్ తెర మీద బొమ్మను వేసేస్తాయి. ఆ తరువాత న్యూట్రాన్లు వచ్చి, తెర బొమ్మను నమోదు చేసే సీసీడీ అనే సిలికాన్ పలకను చెత్తతో నింపి వెళ్లిపోతాయి. ఫాస్ఫర్ మాత్రం దాదాపు మిల్లీసెకను దాకా వెలుగుతూనే ఉంటుంది. అందుకని న్యూట్రాన్ల హోరు సద్దుమణిగాక పలకలో పోగైన చెత్తను ఊడ్చేసి, ఖాళీ చేసిన పలక మీదికి ఇంకా వెలుగుతున్న ఆ తెర బొమ్మను ఎక్కించుకుంటారు.